రెండడుగులు వదిలిన కంచె

తనకల్లు,
12 జనవరి 2025.

చిరంజీవి గౌతమికి,

తనకల్లులో మంచం మీద కూర్చుని మీ మామ కొండప్ప రాస్తున్నాడు. తుంటికి వేసిన కడ్డీ కుదురుకునేదాకా, అంటే ఇంకా నాలుగు నెలలు, బస్సెక్కకూడదన్నారు. ఎక్కగలిగితే ఈ ఉత్తరం అవసరమయ్యేది కాదు. శింగనమలలో దిగి, టేపు పట్టుకుని నీ పొలంలో నేనే నిలబడేవాణ్ణి. ఫోనులో చెప్పవచ్చు గానీ, ఫోనులో విన్న కొలతలు మరునాటికి మారిపోతాయి. కాగితం మీద ఉంటే గోడకు అంటించుకోవచ్చు.

వెంకటప్ప కూతురి సంగతి నీవు చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సరిగా పోవడం లేదు. తల్లి వేరుశనగ పొలంలో ఉండగా, నాలుగేళ్ల పిల్ల కాలనీ ముందు రోడ్డు మీద ఆడుకుంటూ టిప్పరు చక్రం కింద పడింది. ఆ రోడ్డు తప్ప కాలనీలోని ఇరవై రెండు మంది పిల్లలకు వేరే చోటు లేదన్నావు. మీ నాయన నీకు వదిలిన అర ఎకరాన్ని వాళ్ల ఆటతోటగా మారుస్తానన్నావు. ముప్పై రెండేళ్లు ఉద్యాన శాఖలో చీనీ బత్తాయి చెట్లకు వైద్యం చేశాను తప్ప, పిల్లల తోట గీయడం ఇదే మొదలు. అందుకే ప్రతి గీత పక్కన కారణం రాశాను. కారణం తప్పనిపిస్తే గీత మార్చు.

ముందు ఎండిన బోరు. ఆరున్నర అంగుళాల గొయ్యిలో పిల్ల జారిపోతుంది. పైన బండ పెట్టి ఊరుకోవద్దు. మట్టి, రాళ్లతో పూర్తిగా నింపించి, ఆపైన కాంక్రీటు పోయించు. తరువాత మొక్కలు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద ఎక్కడ కనబడినా వేళ్లతో సహా పీకించు. గురివింద గింజ అందంగా ఉంటుంది కాబట్టే నోట్లోకి వెళుతుంది. రాళ్ల కుప్పలు తీయించు. వాటి కింద తేళ్లు ఉంటాయి. ఊయల కింద అడుగు లోతు వాగు ఇసుక పోయించు, అది కూడా జల్లెడ పట్టి. ఇనుప జారుడుబల్ల వద్దు, మార్చి ఎండకే తొడలు కాలుతాయి. మట్టి దిబ్బ చేసి దాని మీద నున్నటి సిమెంటు జారుడు కట్టించు, ముఖం ఉత్తరానికి ఉండాలి.

ఇక పడమటి గట్టు. మీ పొలానికీ, నరసింహప్ప చీనీ తోటకూ నడుమ కత్తుల్లాంటి ఆకుల కిత్తనార వరుస ఉంది. నీవు పంపిన కొలతల ప్రకారం పిల్లల కళ్లు నేల నుంచి రెండున్నర, మూడున్నర అడుగుల మధ్య ఉన్నాయి. కిత్తనార ముళ్ల మొనలు సరిగ్గా అదే ఎత్తులో ఉన్నాయి. బంతి కోసం వంగిన పిల్లకు కన్ను పోతుంది. అయినా ఆ వరుసను ముట్టవద్దు, అది ఇద్దరిదీ. దానికి రెండడుగులు ఇవతల, మన నేలలోనే, రాతి కూసాలు పాతించి వల కట్టించు. ఆ రెండడుగులు మనం వదిలేసుకుందాం. నష్టం మనదే గనుక ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మీ ఆయన రామాంజికి నా ఆశీస్సులు. అతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వు.

నీ మేలు కోరే
మామ కొండప్ప

*

శింగనమల,
3 ఫిబ్రవరి 2025.

మామకు,

గౌతమి నమస్కారాలు. తుంటి నొప్పి ఎలా ఉందో ముందు అది రాయండి. మీరు తోట గురించి మూడు పేజీలు రాసి మీ గురించి ఒక వాక్యం రాస్తారు.

బోరు పూడ్చాం. ఇసుక జల్లెడ పడితే ఒక తట్టెడు తుమ్మ ముళ్లూ, పగిలిన సీసా ముక్కలూ వచ్చాయి. కాలనీ ఆడవాళ్లు పని దిగి వచ్చి సాయం పడుతున్నారు. ఎలిజబెత్ అయితే జల్లెడ వదలదు. "మా ఇంట్లో బియ్యం కూడా ఇంత బాగా ఏరలేదు మే, మీ మామ సూస్తే నాకు ఉద్యోగమిస్తాడు" అంటుంది. ట్రాక్టరు టైరుతో ఊయల కట్టాం. మీరు చెప్పినట్లే టైరుకు అడుగున చిల్లులు పెట్టించాను, నీళ్లు నిలవకుండా.

కూసాల దగ్గర మాత్రం రామాంజి గొడవ చేశాడు. "రెండడుగులు ఆయప్పకు యాల ఇడ్సల్ల? ఇల్లరికం వచ్చినోడు పెండ్లాం భూమి పంచిపెడ్తాండాడని నవ్వుతారు నన్ను" అన్నాడు. మీ ఉత్తరం చూపించాను. చదివి, "మీ మామకు చెట్ల రోగాలు తెలుసు, మనుషులవి తెల్దు" అని గడ్డపార అందుకున్నాడు. గొణుగుతూనే ముప్పై నాలుగు కూసాలు పాతాడు.

నరసింహప్ప వచ్చి చూశాడు. మీరు అతన్ని చూడలేదు కదా. చాలా పొడవైన మనిషి, అరవై దాటినా వంగలేదు. కిత్తనారకు అవతల నిలబడి కూసాలను ఒకటొకటిగా లెక్కపెట్టుకుంటూ పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చి, "ఎవరు గీసిందిమ్మే ఈ గీత?" అన్నాడు.

"మా మామ. తనకల్లాయన. ఆఫీసరు" అన్నాను.

"సదువుకున్నోడా?"

"బాగా."

"సదువుకున్నోడు ఊరికే రెండడుగులు ఇడుస్తాడా?"

"పిల్లోళ్ల కండ్ల కోసరం పెద్దాయనా. ముండ్లుండాయి కదా" అన్నాను. పెద్దగా నవ్వాడు. "ముండ్లు! ఇరవై ఏండ్లాయె ముండ్లు లేచి. ఇప్పుడు అగుపడినాయా!" అని నవ్వుతూనే పోయాడు. ఇంతకాలం పలకరించని మనిషి నవ్వాడంటే సంతోషమే అనుకున్నాను.

తోట పదో తేదీన తెరుస్తున్నాం. గేటు మీద ఒకే మాట రాయించాను: ఇక్కడ ఏ పిల్లనూ ఎవరూ కొట్టకూడదు. ఆ రెండడుగుల సందులో గడ్డి పెరుగుతోంది. ఏం చేయమంటారు?

మీ గౌతమి

*

తనకల్లు,
9 ఫిబ్రవరి 2025.

చిరంజీవి గౌతమికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను, ఒకసారి నేనే చదివాను. కర్ర సాయంతో పది అడుగులు వేస్తున్నాను. నా గురించి ఇది రెండో వాక్యం, తృప్తి పడు.

గడ్డి విషయం మంచి ప్రశ్న. మనిషి తొక్కని సందు పాముకు ఇల్లు. ఒక పక్క కిత్తనార, మరో పక్క వల, నడుమ గడ్డి, పక్కనే చీనీ తోట తడి, అంతకన్నా దానికి ఏం కావాలి? గడ్డిమందు కొట్టవద్దు, పిల్లలు వల పట్టుకుంటారు. నేల ఖాళీగా ఉండకపోవడమే సరైన మందు. నరసింహప్పను అడుగు. తన డ్రిప్పు పైపు ఒకటి కిత్తనార కిందుగా లాగి, ఆ రెండడుగుల్లో అలసందలో మరేవో వేసుకోమను. పంట అతనిదే. దున్నినంతకాలం పాము చేరదు. అతనికి కూరకు కాయలు వస్తాయి. నవ్వుతూ మాట్లాడే మనిషి అయితే ఒప్పుకుంటాడు. మర్యాదగా, ఇంటికి వెళ్లి, భార్య ఉన్నప్పుడు అడుగు.

ఊయల తాడు ప్రతి సోమవారం చేత్తో తడిమి చూడు. తాడు తెగే ముందు గరుకవుతుంది.

మామ కొండప్ప

*

శింగనమల,
1 మార్చి 2025.

మామకు,

రామాంజి అనంతపురం ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. భుజం మీద ఇరవై ఆరు కుట్లు.

మీరు రాసినట్లే నరసింహప్ప ఇంటికి వెళ్లాను. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ మజ్జిగ ఇచ్చింది. "ఆ రెండడుగులు నువ్వే దున్నుకో పెద్దాయనా, పంట నీదే" అన్నాను. ఆయన ముఖం నల్లబడిపోయింది. తరువాత నెమ్మదిగా అడిగాడు. "మీ మామ సెప్పినాడా ఇట్లా?" అవునన్నాను. "పో" అన్నాడు. అంతే.

అప్పుడు నాకు తెలియనిది లక్ష్మీదేవమ్మ తరువాత పోలీసుల ముందు ఏడుస్తూ చెప్పింది. నాకు మూడేళ్లు వచ్చేదాకా, మా తాతకూ నరసింహప్ప తండ్రి తిప్పయ్యకూ ఈ గట్టు మీద కోర్టు తగాదా. పదకొండేళ్లు నడిచి తిప్పయ్య ఓడిపోయాడు. తీర్పు వచ్చిన రోజున ఆ కిత్తనార పక్కనే కూర్చుని పురుగుల మందు తాగాడు. గట్టును మా తాత జరిపాడని చచ్చేదాకా అన్నాడట. ఊళ్లో ఎవరూ నమ్మలేదు, కొడుకుతో సహా. కొడుకు తండ్రితో, "ఓడిపోయిన భూమికి ఏడుస్తావెందుకు" అని తగువు పడ్డాడట, ఆ సాయంత్రమే.

ఇప్పుడు చదువుకున్న ఆఫీసరు గీత గీసి, రెండడుగులు తానుగా వదిలి, దున్నుకోమని ఇంటికి చెప్పి పంపాడు. మా ప్రాంతంలో తప్పు లేనివాడు జానెడు నేల వదలడు, మామా. అది నేను మీకు చెప్పవలసింది. నాకు తోచలేదు.

ఇరవై ఆరో తేదీ పదకొండు గంటలకు, పద్నాలుగు మంది పిల్లలు లోపల ఉండగా, కల్టివేటర్ తగిలించిన ట్రాక్టరుతో వచ్చాడు. సందులోకి కాదు. కూసాలను గుద్దుకుంటూ తోటలోకి వచ్చాడు. రాతి కూసాలు నడుముకు విరిగి పడ్డాయి. వల చక్రాలకు చుట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చింది. నేనూ ఎలిజబెత్తూ పిల్లలను చేతులు పట్టి, జుట్టు పట్టి, ఏది అందితే అది పట్టి లాగాం. ఊయల స్తంభం విరిగి టైరు ఎగిరి పడింది. అందులో ఆ క్షణం ముందే ఒక పిల్ల దిగింది.

"రెండడుగులు నీయంతట నువ్వే ఇచ్చినావంటే, ఇంకా ఎన్నడుగులు తిన్నార్రా మీరు? నా నాయన ఈడనే మందు తాగి సచ్చె! నేను నమ్మలేదు గదరా ఆయన్ను!" అని అరుస్తున్నాడు. రామాంజి ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. "దిగప్పా, పిల్లోళ్లుండారు, దిగు" అన్నాడు. దిగాడు. చీనీ కొమ్మలు నరికే మచ్చుకత్తి చేతిలో ఉంది. మొదటి దెబ్బ భుజానికి. రెండోది తలకు వచ్చేది, రామాంజి చేయి అడ్డం పెట్టాడు. వేళ్లు ఇసుకలో పడ్డాయి. మనం జల్లెడ పట్టిన ఇసుక.

నరసింహప్పను తీసుకుపోయారు. పిల్లలు ఇప్పుడు రోడ్డు పక్కన ఒక ఆట ఆడుతున్నారు. ఒకడు ట్రాక్టరు. ఒకడు చేయి పట్టుకుని పడిపోతాడు. తక్కినవాళ్లు వేళ్లు వెతుకుతారు.

గౌతమి

*

తనకల్లు,
5 మార్చి 2025.

గౌతమీ,

తప్పు నాది. నీది కాదు, రామాంజిది అసలే కాదు. నేల గురించి అడిగాను, మొక్కల గురించి అడిగాను, పిల్లల కళ్ల ఎత్తు అడిగాను. ఆ గట్టు మీద ఎవరు చచ్చిపోయారని అడగలేదు. ముళ్లు ఎంత పొడవున్నాయో కొలిపించిన మనిషి, వాటిని ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు కొట్టలేదని ఆలోచించలేదు.

పిల్లల ఆటను ఆపవద్దు. తిట్టవద్దు. చూసినది ఆడి వదిలించుకుంటారు. ఆడనివ్వకపోతే లోపల ఉండిపోతుంది. చేతుల్లో కర్రలు మాత్రం ఉండనీయకు. ఆ ఇసుక పైపొర అరడుగు తీయించి దూరంగా పూడ్పించు, కొత్తది పోయించు. వాళ్లను పిలిచే ముందే చేయి.

దీనితో వేరే కాగితం జతచేశాను. ఆ గీత నేనే గీశానని, కారణం ముళ్లు తప్ప మరొకటి లేదని, తిప్పయ్య కేసు నాకు తెలియదని, దానివల్ల ఆ కుటుంబానికి కలిగిన బాధకు క్షమాపణ కోరుతున్నానని రాసి సంతకం పెట్టాను. లక్ష్మీదేవమ్మ చేతికి ఇవ్వు. ఏమీ చేయవద్దని రామాంజికి నా మాటగా చెప్పు. చేయి మానేదాకానైనా.

కొండప్ప

*

శింగనమల,
17 మార్చి 2025.

మామకు,

ఈ ఉత్తరం తనకల్లు వచ్చే జీపు మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను. మీ జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి.

మీ కాగితం లక్ష్మీదేవమ్మకు చేరలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే రామాంజి చూశాడు. "క్షమాపణ! ఏటు పడింది నాకు. యేళ్లు పోయింది నాకు. మీ మామ ఆయమ్మకు క్షమాపణ రాస్తాడా! అంటే తప్పు మనదేనని రాసిచ్చినట్లు గదమ్మే!" అని ఒక చేత్తో, పళ్లతో చింపాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. టీ అంగడి దగ్గర ఎవరో, "ఇల్లరికం అల్లునికి రోషమేడుంటాది లేప్పా, యేళ్లు పోతే మిగిలినవి లెక్కపెట్టుకుంటాడు" అన్నారట. అది కూడా ఆ రోజే.

పద్నాలుగో తేదీ, మిట్టమధ్యాహ్నం. బత్తలపల్లె నుంచి రామాంజి చిన్నాయన కొడుకులు ముగ్గురు మోటారు సైకిళ్ల మీద వచ్చారు. రామాంజి కుడి చేత్తో గొడ్డలి పట్టుకున్నాడు. నరసింహప్ప లోపల ఉన్నాడు కదా, తోటలో లక్ష్మీదేవమ్మ ఒక్కతే. నలభై ఒక్క చీనీ చెట్లు, పన్నెండేళ్ల కాపు. వరుస తప్పకుండా నరికారు. గొడ్డలి దెబ్బలు కాలనీ దాకా వినబడ్డాయి. నేను పరుగెత్తేసరికి ఇరవై పడిపోయాయి. లక్ష్మీదేవమ్మ ఒక చెట్టును కౌగిలించుకుని కూర్చుంది. "నన్ను నరకండ్రా, దీన్ని బిడ్డ మాదిరి సాకినా" అంటోంది. ఎవరు కొట్టారో తెలియదు, గొడ్డలి వెనక వైపు తగిలి ఆమె భుజం ముందరి ఎముక విరిగింది. ఆ చెట్టునూ నరికారు.

నేను రామాంజి చొక్కా పట్టుకుని లాగాను. నా వైపు తిరిగినప్పుడు అతను నన్ను గుర్తుపట్టలేదు, మామా. గొడ్డలి లేచింది. తరువాత గుర్తుపట్టాడు. దించి, ఏడుస్తూ పక్క చెట్టు దగ్గరికి పోయాడు. కట్టు తడిసి నెత్తురు కారుతోంది. అలాగే నరికాడు.

కాలనీ పిల్లలు పడిన కాయలు ఏరుకుని తింటున్నారు. ఎవరినని కోప్పడను?

రామాంజినీ తక్కినవాళ్లనూ తీసుకుపోయారు. ఇరవై నాలుగున నరసింహప్పకు బెయిలు అంటున్నారు. తల్లులు పిల్లలను పంపడం లేదు. ఎలిజబెత్ ముఖం మీదే చెప్పింది: "రోడ్డు మీద టిప్పరొక్కటే ఉండాది. మీ తోటలో అయితే మచ్చుకత్తీ ఉండాది, గొడ్డలీ ఉండాది. యాడ మేలు, నువ్వే సెప్పు మే." మూసేయమంటారా?

గౌతమి

*

తనకల్లు,
17 మార్చి 2025, సాయంత్రం.

గౌతమీ,

జీపు మనిషి వాకిట్లో నిలబడి ఉన్నాడు, త్వరగా రాస్తాను.

మూసేయవద్దు. తెరవమని కూడా ఈ రోజు చెప్పను. ముందు చెట్లు.

ఏ ఎత్తులో నరికారో చూడు. చీనీని జంబేరి నిమ్మ వేరు మీద అంటు కడతారు. నేల నుంచి జానెడు ఎత్తులో కాండం మీద ఉబ్బు కనబడుతుంది. ఉబ్బుకు పైన తెగితే చెట్టు చావలేదు. మోకాలి ఎత్తున నరికి ఉంటే దాదాపు అన్నీ బతుకుతాయి, మోడుకు ఈ వారంలో మందు పూస్తే. ఆలస్యమైతే కోత ఎండి పగిలి బూజు దిగుతుంది. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బక్కెట్లలో వేరువేరుగా కరిగించి కలుపు, ఇనుము తగలకూడదు. పగుళ్లు ఉన్న మోళ్లను ముందు రంపంతో నున్నగా కోయించి, కోత మీద దట్టంగా పూయి. కాండానికి సున్నం కొట్టించు, ఎండకు బెరడు పగలకుండా. డ్రిప్పు ఆపవద్దు. పిల్లలను ఆ మందు దగ్గరికి రానివ్వవద్దు.

నీవే పూయాలి. కూలివాళ్లను పెట్టవద్దు. మన చేతులు నరికాయి గనుక.

కొండప్ప

*

శింగనమల,
20 ఏప్రిల్ 2025.

మామకు,

నెల రోజులు రాయలేదు. కోప్పడవద్దు. ఎడమ కనుబొమ మీద పడిన కుట్లు విప్పారు, మచ్చ మిగిలింది.

మరునాడే మందు కలిపాను. నీలంగా తయారైంది, మీరు చెప్పినట్లే. పదకొండు మోళ్లకు పూశాక లక్ష్మీదేవమ్మ చేతికి కట్టుతో ఇంట్లో నుంచి వచ్చింది. నీలం మందు చూసింది. "మోళ్లకు ఇసం పూస్తాండాది! చిగురు గూడ రాకుండా సంపుతాండాది! నీ వంశం మట్టికొట్టుకపోను!" అని కేకలు. మంచి చేతితో రాయి విసిరింది. ఇంకా విసిరింది. నాలుగోది కంటి పైన తగిలింది. మందు అని చెప్పాను, మా మామ రాశాడని చెప్పాను. మీ పేరు చెప్పేసరికి ఇంకా రెండు విసిరింది.

నాకూ తిక్క పుట్టింది మామా, దాచను. నెత్తురు కంట్లోకి దిగుతూంటే బ్రష్షు ఆమె ముఖం మీద కొట్టి పోదామనిపించింది. పోలేదు. ఆ రోజు పంతొమ్మిది, మరునాడు ఇరవై రెండు పూశాను. రెండో రోజు ఆమె రాళ్లు పక్కన పెట్టుకుని కూర్చుంది గానీ విసరలేదు. అలసిపోయింది అనుకుంటాను.

నరసింహప్ప బెయిలు మీద వచ్చాడు. తోటలో ఒక్కో మోడు దగ్గరా నిలబడ్డాడు. వారం తరువాత చిగుర్లు పడ్డాయి. ఈ రోజుకు ముప్పై మూడింటికి వచ్చాయి. నన్ను ఒక మాట అనలేదు, ఒకసారి చూడలేదు. రామాంజికి ఊళ్లోకి రాకూడదన్న షరతుతో బెయిలు ఇచ్చారు. అనంతపురంలో వాళ్లక్క ఇంట్లో ఉన్నాడు. నేను మోళ్లకు మందు పూశానని తెలిసి నాతో మాట్లాడడం మానేశాడు.

విరిగిన కూసాల బదులు కొత్తవి పాతించాను, అదే గీత మీద. ఇసుక మార్చాను. ఊయల కట్టాను. ఇరవై రోజులు ఖాళీ ఊయల చూశాను. పిల్లలు రోడ్డు మీదే.

మొన్న పద్దెనిమిదో తేదీ, సాయంత్రం నాలుగున్నర. గేటు దగ్గర ఉన్నాను. పిల్లలు రోడ్డుకు అడ్డంగా గీత గీసి దూకుతున్నారు. మలుపు తిరిగి కంకర టిప్పరు వచ్చింది. బ్రేకు వేస్తే పక్కకు జారింది. ఏడెనిమిది మంది దాని ముందే ఉన్నారు. నేను పరుగెత్తాను, అందుకోలేను. నరసింహప్ప పొలం నుంచి వంకీ కర్ర పట్టుకుని వస్తున్నాడు. ఆ కర్రతో కొట్టాడు మామా, టిప్పరును కాదు, పిల్లలను. వీపుల మీద, కాళ్ల మీద, గొర్రెలను మళ్లేసినట్లు. "యాడ సచ్చేకి వచ్చినార్రా నా కొడకల్లారా! పోండి! ఆ పక్కకు పోండి!" పిల్లలు నిలబడిన చోటును దాటి టిప్పరు గట్టుకు గుద్దుకుని ఆగింది. ఆయన ఆగలేదు. అందరినీ కొట్టుకుంటూ మన గేటులోకి తోసి, గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. ఎలిజబెత్ కూతురి పిక్క చిట్లి నెత్తురు కారుతోంది. ఎలిజబెత్ పరుగెత్తుకు వచ్చి, రోడ్డు మీద టైర్ల గుర్తులు చూసి, కూతురి కాలు చూసి, కింద కూర్చుని పిక్కకు కొంగు కట్టింది.

నేను దగ్గరికి పోయాను. "నన్ను సూడొద్దు మే" అన్నాడు. "నీ కోసరం కాదు. మీ మామ కోసరమూ కాదు."

నిన్నా వచ్చాడు, ఈ రోజూ వచ్చాడు. నాలుగు గంటలకు వచ్చి గేటు బయట ఎండలో కర్ర పట్టుకుని నిలబడతాడు, చీకటి పడే ముందు పోతాడు. రోడ్డెక్కిన పిల్ల దెబ్బ తిన్నాకే లోపలికి వస్తుంది. ఈ రోజు పంతొమ్మిది మంది ఉన్నారు. మొదట భయంతో మూలన కూర్చున్నారు. తరువాత ఊయల కోసం కొట్టుకున్నారు.

ఇక్కడ ఏ పిల్లనూ ఎవరూ కొట్టకూడదని ఆ గేటు మీదే రాయించాను. దానికి వీపు ఆనించి ఆయన నిలబడుతున్నాడు. పంపించేయమంటారా? పిలిచి మాట్లాడమంటారా?

గౌతమి

*

తనకల్లు,
24 ఏప్రిల్ 2025.

చిరంజీవి గౌతమికి,

పంపించవద్దు. పిలిచి మాట్లాడనూ వద్దు. ధన్యవాదాలు చెప్పవద్దు, కాఫీ పంపవద్దు, నా తరఫున ఏ మాటా మోయవద్దు. నేను ఆ గట్టు మీద మూడుసార్లు మంచి చేయబోయాను. మొదటిది రామాంజి చేతి మీద పడింది, రెండోది చీనీ చెట్ల మీద, మూడోది నీ కంటి మీద. నాలుగోది చేయను. చేసినా, అది ఎవరి కోసమో చెప్పను.

రామాంజికి నేను విడిగా రాస్తున్నాను. చెట్ల గురించి కాదు. చేతికి ఏ వ్యాయామాలు చేయాలో అడిగి తెలుసుకున్నాను, అవే రాస్తున్నాను. జవాబు రాకపోయినా వారం వారం రాస్తాను.

ఎలిజబెత్ కూతురి పిక్కకు ధనుర్వాతం సూది వేయించావా? వేయించకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు.

ఇప్పుడు గేటు. పడమటి ఎండ నేరుగా పడుతుంది. మే నెలలో నాలుగు గంటల ఎండలో రెండు గంటలు నిలబడితే అరవై దాటిన మనిషి పడిపోతాడు, పిల్లల ముందే పడిపోతాడు. గేటు బయట, పడమటి పక్కన, కొబ్బరి మట్టలతో చప్పరం వేయించు. ఆరు అడుగుల పొడవు, ఐదు వెడల్పు. ఎత్తు ఏడడుగులు ఉండాలి, తల తగలకూడదు. పిల్లలను తీసుకుపోవడానికి వచ్చే తల్లుల కోసమని చెప్పు. వాళ్లు కూడా కూర్చుంటారు గనుక అబద్ధం కాదు. కింద ఒక బండ వేయించు.

గేటు మీది రాత చెరపవద్దు. చప్పరం గుంజకు, గేటు వైపు, ఒక పెద్ద మేకు కొట్టించు. ఎందుకని ఎవరైనా అడిగితే తెలియదని చెప్పు. ఎంతటి మనిషికైనా గంటసేపు కర్ర పట్టుకుంటే చేయి లాగుతుంది; మేకు కంటపడితే ఏదో ఒక రోజు కర్రను దానికి తగిలిస్తాడు. ఐదున్నర అడుగుల ఎత్తులో కొట్టించు. అతని చేతికి అందాలి, పిల్లల చేతికి అందకూడదు.

మామ కొండప్ప